కోడీ, కుంపటీ, మా బంటీగాడూ

ముసలమ్మ కోడి, కుంపటి కథ మనందరికీ చిన్నప్పుడే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. ఊళ్ళో ఒక ముసలమ్మ. ఆవిడ కోడి కూస్తే ఊరు లేస్తుంది. ఆవిడ కుంపట్లో నిప్పు పట్టుకెళ్ళి ఇంటింటా పొయ్యి రాజేసుకుంటారు. దాంతో తన కోడీ, తన కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదని ఆవిడకి గట్టి నమ్మకం కుదిరింది. ఒకరోజు ఊరి మీద అలిగి, కోడినీ కుంపటినీ పట్టుకుని అడవిలోకి వెళ్ళి కూర్చుంది. సాయంత్రం అటుగా వచ్చినవాణ్ణి పట్టుకుని "మా ఊళ్ళో తెల్లారిందా నాయనా?" అని అడిగింది.

ముసలమ్మని చూసి నవ్వుకుంటాం. సరే. ఇప్పుడు తెల్లవారుజామున 4 గంటలకి మొరిగి ఇంటిల్లిపాదినీ లేపే కుక్క వైపు నుంచి ఆలోచించండి. దానిదీ అదే నమ్మకం. తను మొరిగితేనే తెల్లారుతుంది. తేడా ఒక్కటే, దాని విషయంలో అది నిజం! అది మొరుగుతుంది, హాల్లో లైటు వెలుగుతుంది, తలుపు గడియ తీసిన చప్పుడు అవుతుంది, బిస్కెట్ల డబ్బా మూత తెరుచుకుంటుంది. రోజూ ఇలాగే జరుగుతుంటే ఏ బుర్ర ఉన్న జీవి అయినా ఏమనుకుంటుంది? కుక్క లెక్కలో తప్పు లేదు. ఇల్లే ఆ లెక్కని ప్రతి పొద్దునా నిజం చేస్తోంది. అది నిజం కాకుండా చెయ్యడం ఎలాగన్నదే ఈ వ్యాసం.

ఇది నాకు చదువుకోడానికి దొరికిన సరదా విషయం కాదు. మా నాన్న బస్సు డ్రైవర్. రెండో షిఫ్ట్ ఉన్న వారాల్లో రాత్రి 11కి ఇంటికొచ్చి, తిని పడుకునేసరికి 11:45 అవుతుంది. బంటీగాడు 4:10కి మొదలుపెడతాడు. అంటే నాలుగున్నర గంటల నిద్ర కూడా లేదు. పొద్దున పదకొండింటికి కాసేపు నడుం వాలుస్తారు గానీ, మే నెల విజయవాడలో పగటి నిద్ర సంగతి చెప్పక్కర్లేదు. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు 'నేచర్' పత్రికలో ఒక విషయం రాశారు. 17 గంటలు ఏకధాటిగా మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరు స్థాయికి పడిపోతుందని. మన దేశంలో డ్రైవింగ్‌కి చట్టం ఒప్పుకునే పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. తెల్లవారుజామున 4:10కి లేచిన మనిషికి పగలు కునుకు పట్టకపోతే, రాత్రి 9:10కి 17 గంటలు నిండుతాయి. ఆ టైముకి మా నాన్న స్టీరింగ్ ముందు ఉంటారు, వెనకాల యాభై మంది ఉంటారు. జీవితంలో చుక్క ముట్టని మనిషి.

అందుకే నేను సెలవులకి హాస్టల్ నుంచి ఇంటికెళ్ళేసరికి ఇంట్లో ఒక నిర్ణయం దాదాపు అయిపోయి ఉంది. "ఒరేయ్, వాణ్ణి నూజివీడులో మీ మావయ్య మామిడితోటలో వదిలేద్దాంరా. అక్కడ ఎంత మొరిగినా అడిగేవాడుండడు" అన్నారు నాన్న. అమ్మ ఏమీ అనలేదు. అనలేదంటే ఇష్టం లేదని అర్థం. నాకు 45 రోజుల సెలవులున్నాయి. సెలవులు అయ్యేదాకా ఆగమని అడిగాను, ఒప్పుకున్నారు.

మొట్టమొదట చెయ్యాల్సిన పనికీ మనస్తత్వ శాస్త్రానికీ సంబంధం లేదు. కుక్కని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. దీన్ని ఎవరూ దాటవెయ్యకండి. ఇన్నాళ్ళూ బాగా పడుకున్న కుక్క ఉన్నట్టుండి తెల్లవారుజామున లేపడం మొదలుపెడితే అది అలవాటు కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగరు, కిడ్నీ జబ్బు, వీటిలో ఏది ఉన్నా ఎక్కువసార్లు ఒంటికి వెళ్ళాల్సి వస్తుంది. విరేచనాలున్నా అంతే. గోమార్లు పట్టి దురద పెడుతున్నా, కీళ్ళ నొప్పులున్నా నిద్ర పట్టదు. బాగా ముసలి కుక్కల్లో మెదడు మందగించి పగలూ రాత్రీ తారుమారు కావడం కూడా ఉంది. అలాంటి కుక్కకి పాఠాలు చెప్పడం అన్యాయం, దానికి కావలసింది వైద్యం. ఇక కూన అయితే, దాని మూత్రాశయమే చిన్నది. రెండు మూడు నెలల పిల్లకి తెల్లవారుజామున బయటికి వెళ్ళడం నిజమైన అవసరం, తీసుకెళ్ళి తీరాలి.

మా వాడికి రెండున్నరేళ్ళు. నాటుకుక్క, గట్టి పిండం. డాక్టరు గారు చూసి ఏ జబ్బూ లేదన్నారు. అయితే కథ ఎక్కడ మొదలైందో అమ్మని అడిగితే తెలిసింది. కూనగా ఉన్నప్పుడు 4 గంటలకి కుయ్యి కుయ్యిమనేవాడు. అమ్మ లేచి కిందకి తీసుకెళ్ళి తెచ్చేది. మెట్లెక్కి వచ్చాక, పాపం పసివాడు కదా అని ఒక బిస్కెట్ పెట్టేది. అప్పుడు అది అక్షరాలా సరైన పనే. నాలుగు నెలల్లో అవసరం తీరిపోయింది. టైమూ, బిస్కెట్టూ మాత్రం మిగిలిపోయాయి.

తర్వాతి పని రాసుకోవడం. మనం ల్యాబులో రీడింగులు రాయమంటే పక్కవాడి రికార్డు చూసి రాసే రకాలం, ఒప్పుకుంటాను, కానీ ఇక్కడ రీడింగులు లేకపోతే ఏదీ తేలదు. పదిరోజులు ఏమీ మార్చకుండా నాలుగు సంగతులు రాశాను. మొదటి మొరుగు ఎన్నింటికి, ఆ నిమిషంలో బయట ఏం జరుగుతోంది, ఎవరు లేచారు, లేచి ఏం చేశారు. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో సిద్ధాంతం ఉండేది. వాచ్‌మన్ నీళ్ళ మోటారు వేసే చప్పుడుకి లేస్తున్నాడని నాన్న. పాల వ్యాను అని అమ్మ. ఏదో కంటికి కనిపిస్తోందని నానమ్మ. కుక్కల చెవి సంగతి తెలిసిందే, మనకి 20 కిలోహెర్ట్‌జ్ దగ్గర ఆగిపోతే వాటికి 40 దాటాక కూడా వినిపిస్తుంది, కాబట్టి చప్పుడు సిద్ధాంతాలని కొట్టిపారెయ్యలేం. కానీ నోట్‌బుక్ వేరే చెప్పింది. మొదటి మొరుగు పదిరోజులూ 4:05కీ 4:25కీ మధ్యే. మోటారు వేసేది 4:30 తర్వాత. పాల వ్యాను 4:50. చప్పుళ్ళకంటే వీడే ముందు లేస్తున్నాడు!

ఇంకో కాలమ్ ఇంకా ఆసక్తిగా ఉంది. పదిరోజుల్లో ఆరు రోజులు అమ్మ వెంటనే లేచింది. రెండు రోజులు ఎవరూ లేవకుండా పంతం పట్టారు, పదీ పదిహేను నిమిషాల తర్వాత "కింది వాళ్ళు ఏమనుకుంటారు" అని అమ్మే లేచింది. రెండు రోజులు నాన్న "బంటీ, నోర్ముయ్!" అని గదిలోంచి అరిచారు. అరిచినప్పుడు వాడు ఒక్క క్షణం ఆగి, తోక ఊపి, మళ్ళీ మొదలెట్టాడు. చీకట్లో ఒంటరిగా ఉన్నవాడికి లోపల్నుంచి జవాబొచ్చింది మరి. తిట్టు కూడా పలకరింపే.

ఇక్కడ కాస్త సిద్ధాంతం. 1898లో థారన్‌డైక్ అనే అమెరికన్ పిల్లుల్ని గడియ ఉన్న పెట్టెల్లో పెట్టి, అవి ఎలా బయటపడతాయో చూశాడు. మొదట గుడ్డిగా పీకులాట, ఎప్పుడో పొరపాటున గడియ తగిలి తలుపు తెరుచుకోవడం, బయట తిండి. మళ్ళీ పెట్టెలో పెడితే క్రమంగా తక్కువ సమయంలోనే బయటికి. ఏ పనికి మంచి ఫలితం దక్కుతుందో ఆ పని మళ్ళీ జరుగుతుందని ఆయన చెప్పింది. మన బంటీ పీకే గడియ పేరు అమ్మ.

తర్వాత వచ్చిన స్కిన్నర్ కథ మన ఇంజినీరింగ్ వాళ్ళకి నచ్చుతుంది. ఆయన పరికరాలన్నీ సొంతంగా చేసుకున్న మనిషి. ఎలుక మీట నొక్కితే తిండి గుళిక పడే పెట్టె. ఒకసారి ఆ గుళికలు పడే యంత్రం ఇరుక్కుపోయింది. ఎలుక నొక్కుతూనే ఉంది, గుళిక రావట్లేదు. ఆ నొక్కుళ్ళ గ్రాఫు తగ్గుతూ వచ్చిన తీరు చూసి, ఫలితం ఆగిపోతే అలవాటు ఎలా చస్తుందో ఆయనకి మొదటిసారి కనిపించింది. ఇంకోసారి, ఒక శనివారం మధ్యాహ్నం చూసుకుంటే గుళికలు సోమవారం దాటేలా లేవు. కూర్చుని గుళికలు చెయ్యడం విసుగేసి, ప్రతి నొక్కుకీ కాకుండా నిమిషానికి ఒక్క నొక్కుకే గుళిక ఇద్దామనుకున్నాడు. ఎలుక మానేస్తుందా? లేదు, స్థిరంగా నొక్కుతూనే ఉంది. పరికరం పాడవడం, సరుకు అయిపోవడం ఈ రెండింట్లోంచీ ఒక శాస్త్రంలో రెండు అధ్యాయాలు పుట్టాయి. మన ల్యాబుల్లో పాడైన సీఆర్‌ఓల్లోంచి ఏమీ ఎందుకు పుట్టడం లేదో ఆలోచించుకోవాలి.

ఈ రెండో కథే మనకి ముఖ్యం. అప్పుడప్పుడూ మాత్రమే ఫలితం వచ్చే అలవాటు, ఎప్పుడూ ఫలితం వచ్చే అలవాటుకంటే మొండిగా నిలుస్తుంది. ఎప్పుడూ వచ్చేది ఆగిపోతే తేడా వెంటనే తెలుస్తుంది. అప్పుడప్పుడూ వచ్చేదైతే, ఇంకో నాలుగు మొరుగుల తర్వాత వస్తుందేమో అని ఆశ. మా ఇంట్లో ఆ రెండు పంతం రోజులు వాడికి నేర్పింది "మొరిగితే లాభం లేదు" అని కాదు. "పదిహేను నిమిషాలు మొరగాలి" అని. అందుకే సగం రోజులు పట్టించుకోకుండా ఉండి సగం రోజులు లేవడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. రోజూ లేచి వెళ్ళడమే నయం.

అయితే పూర్తిగా పట్టించుకోకుండా ఉంటే పోతుంది కదా? పుస్తకం ప్రకారం పోతుంది. కానీ పోయేముందు ఒక ఉప్పెన వస్తుంది. ఫలితం ఆగిన కొత్తలో అలవాటు తగ్గకపోగా పెరుగుతుంది. లిఫ్ట్ రాకపోతే బటన్ ఒకటికి పదిసార్లు, గట్టిగా నొక్కుతాం చూడండి, అదే. కుక్క కూడా గొంతు పెంచుతుంది, తలుపు గీకుతుంది, ఊళ పెడుతుంది. ఊరి చివర ఒంటి ఇల్లయితే చెవుల్లో దూది పెట్టుకుని ఈ ఉప్పెన దాటెయ్యచ్చు. అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో, కింది ఫ్లాట్‌లో గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన, పక్క గదిలో రెండో షిఫ్ట్ నాన్న ఉండగా అది కుదరదు. మూడో రోజో నాలుగో రోజో ఎవరో ఒకరు లేస్తారు. లేచారంటే వాడికి కొత్త పాఠం, ఈసారి ఊళ స్థాయిలో. నా అభిప్రాయం చెప్తున్నాను, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి "పట్టించుకోకండి, అదే మానేస్తుంది" అన్న సలహా ఇచ్చేవాళ్ళు అపార్ట్‌మెంట్లో కుక్కని పెంచినవాళ్ళు కారు.

వేరే దారి చెప్పేముందు వాడికి 4:10 అని ఎలా తెలుస్తోందో చూడాలి, ఎందుకంటే అదీ పరిష్కారంలో భాగమే. మన హాస్టల్ మెస్ వెనకాల కుక్కల్ని గమనించారా? మెస్ తెరిచేది 7:30కి. అవి 7:15కల్లా వచ్చి వరసగా కూర్చుంటాయి. వాటికి వాచీ ఎవరిచ్చారు? 1922లో కర్ట్ రిక్టర్ అనే ఆయన, రోజూ ఒకే టైముకి తిండి పెట్టే ఎలుకలు ఆ టైము దగ్గరపడే కొద్దీ హుషారుగా తిరగడం గమనించాడు. మెదడులో వెలుగుని బట్టి నడిచే ప్రధాన గడియారం ఒకటుంది, దాని పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. 1979లో వచ్చిన ప్రయోగాల్లో ఆ భాగాన్ని తీసేసిన ఎలుకలు కూడా భోజనం వేళని ముందుగా పసిగట్టాయి. అంటే ఒంట్లో వెలుగు గడియారం ఒకటే కాదు, తిండి గడియారం వేరే ఉంది. భోజనానికి కాస్త ముందే అది ఒంటిని లేపేస్తుంది. తెల్లవారుజామున 4:20కి బిస్కెట్ తినే కుక్క ఒంట్లో 4 గంటలకి అలారం పెట్టి ఉన్నట్టే లెక్క. ఆ బిస్కెట్ పెద్ద తిండి కాదు నిజమే, కానీ వాడి దృష్టిలో ఆ రోజుకి అదే మొదటి ముద్ద.

కోడి కూడా ఇంతే. వెలుగు చూసి కూస్తుందనుకుంటాం గానీ, 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్ళు కోడిపుంజుల్ని మసక వెలుగులో ఉంచి చూస్తే, బయటి సూచన ఏదీ లేకుండానే తెల్లారే వేళకి ముందే కూశాయి. లోపలి గడియారమే. ముసలమ్మ కోడికి ఆ సంగతి ముందే తెలుసన్నమాట.

వెలుగు పాత్ర లేదని కాదు. విజయవాడలో జూన్‌లో సుమారు 5:30కే సూర్యోదయం, జనవరిలో అయితే 6:30 దాటాక. గంటకి పైగా తేడా. ఎండాకాలంలో 5:10కే ఆకాశం తెల్లబడుతుంది. బంటీ పడక బాల్కనీ అద్దాల తలుపు ఎదురుగా ఉండేది. వీధి లైటు వెలుగూ, వీధిలో తిరిగే కుక్కల వాసనా, చప్పుడూ అన్నీ అక్కడికే.

ఇప్పుడు మేం చేసింది. మొరుగుకీ తెల్లారడానికీ ఉన్న లంకె తెంపాలి. దాని బదులు ఇంకో లంకె వెయ్యాలి, గడియారం మోగితే తెల్లారుతుంది అని. అందుకు అలారం పెట్టాను. ఎన్నింటికి? తెల్లవారుజామున 4:00కి!

ఇంట్లో అందరూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. నానమ్మ అయితే "వాడు చాలక నువ్వు కూడానా" అంది. కానీ కిటుకు అక్కడే ఉంది. వాడు మొట్టమొదట మొరిగే వేళ 4:05. దానికంటే ముందు, వాడు నిశ్శబ్దంగా ఉండగానే అలారం మోగాలి, నేను లేవాలి, లైటు వెయ్యాలి. అప్పుడు వాడికి మొరిగే అవసరమే రాదు. మొరగకుండానే తెల్లారింది. ఆ అలారం మోత ఒక గుర్తుగా మారుతుంది. పావ్‌లోవ్ కుక్కలకి తిండికి ముందు వినిపించిన చప్పుడు తిండికి గుర్తయినట్టు. (ఆయనకి 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద పనికి. మన పాఠ్యపుస్తకాలు ఆ సంగతి వదిలేసి గంట కొట్టి ఊరుకుంటాయి.) గుర్తు కుదిరాక, ఆ గుర్తుని మనిష్టం వచ్చినట్టు జరుపుకోవచ్చు. మొరుగుని జరపలేం, అలారాన్ని జరపగలం.

మూడు రోజులకోసారి 10 నిమిషాల చొప్పున జరిపాను. 4:00, 4:10, 4:20. అమ్మ మామూలుగా లేవాలనుకునే టైము 5:30 కాబట్టి అక్కడ ఆపాలని లెక్క. తొమ్మిది మెట్లు, 27 రోజులు. ఒక షరతు పెట్టుకున్నాను. మూడు రోజుల్లో రెండు రోజులు అలారం కంటే ముందు మొరిగితే ముందుకి వెళ్ళకూడదు, ఒక మెట్టు వెనక్కి. అలారం మోగే వేళకి మొరుగుతూ ఉంటే, ఒక అర నిమిషం నిశ్శబ్దం దొరికేదాకా కదలకూడదు. లేచేది నేను ఒక్కణ్ణే. మాటల్లేవు, ముద్దుల్లేవు. కిందకి తీసుకెళ్ళి, ఒంటికి కానిచ్చి, పైకి తెచ్చి, మళ్ళీ పడక. తిండి వేరే లైన్లో జరిగింది. మొదటిరోజు 4:30కి, ఆ తర్వాత రోజుకి 5 నిమిషాలు ఆలస్యంగా, 7 గంటల దాకా. లేవడానికీ తినడానికీ మధ్య దూరం పెరగాలి, అది ముఖ్యం. లేకపోతే అలారమే బిస్కెట్ డబ్బా అయి కూర్చుంటుంది.

మిగతావి చిన్న పనులే. నాన్న 11కి వచ్చినప్పుడు ఎలాగూ మెలకువగా ఉంటాం కాబట్టి వాణ్ణి ఆఖరిసారి అప్పుడు కిందకి తీసుకెళ్ళడం. రాత్రి అన్నం 7కి బదులు 9కి. సాయంత్రం ఎండ తగ్గాక కాలవగట్టున ముప్పావు గంట నడక, అదీ లాక్కెళ్ళకుండా, ఆగి ఆగి వాసనలు చూసుకోనిస్తూ. కుక్కకి ముక్కుతో చేసే పని బుర్రకి పని. పడక బాల్కనీ దగ్గర్నుంచి నా మంచం పక్కకి మార్చాను, ఒంటరిగా పడుకునే కుక్క ఎక్కువ పిలుస్తుంది. నాన్న గదిలో ఎయిర్ కూలర్ ఎలాగూ ఉంది, దాని హోరు బయటి చప్పుళ్ళని చాలావరకు మింగేస్తుంది.

కింది పెద్దాయనకి ముందే వెళ్ళి చెప్పాను, "అంకుల్, ఒక నెల ప్రయత్నం చేస్తున్నాను, మధ్యలో కాస్త గోల ఉండొచ్చు" అని. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి "చూద్దాం" అన్నారు. ఫిర్యాదు రాసే మనిషికి ముందు చెప్పడం, రాశాక సంజాయిషీ ఇవ్వడం కంటే చాలా సులువు.

వద్దన్నవి కూడా చెప్పాలి, ఎందుకంటే సలహాలు ఇచ్చేవాళ్ళు చాలామందే వచ్చారు. పేపరు చుట్టి కొట్టమన్నారు. మూతి కట్టెయ్యమన్నారు. మెడకి కరెంటు షాకిచ్చే పట్టీలు ఆన్‌లైన్లో దొరుకుతాయన్నారు. ఒకాయన నిద్రమాత్ర సగం వెయ్యమన్నాడు. మనుషుల మందులు కుక్కలకి విషం కావచ్చు, ఆ జోలికే వెళ్ళకూడదు. మూతి కట్టిన కుక్క నోరు తెరిచి రొప్పలేదు, రొప్పకపోతే ఒంటి వేడి తగ్గదు, మే నెలలో అది ప్రాణాంతకం. కొట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. అది పక్కన పెట్టినా, దెబ్బ తిన్న కుక్క తెల్లవారుజాము అంటే భయపడడం నేర్చుకుంటుంది. భయపడే కుక్క నిద్రపోదు. "కుక్క తోక వంకర" అన్న సామెత కూడా విన్నాను, ఒకసారి కాదు. తోక సంగతి నిజమే. అలవాటు తోక కాదు.

నోట్‌బుక్‌లో ఏముందంటే, మొదటి ఆరు రోజులు ఒక్క మొరుగు లేదు. అందరూ ఆశ్చర్యపోయారు, నేను మాత్రం పొంగిపోలేదు, 4 గంటలకి లేస్తున్నది నేనే కాబట్టి. 4:30 దగ్గర మొదటి ఇబ్బంది, మోటారు చప్పుడు. రెండు రోజులు అలారంతో పాటే మోటారు మోగింది, రెండూ కలిసి వాడికి అదో పండగ. ఆ మెట్టు మీద మూడు రోజులు ఎక్కువ ఉన్నాను. పదిహేడో రోజుకి మా పిన్ని వాళ్ళు వచ్చారు. వాళ్ళకి తెల్లవారుజామున రైలు. 3:30కే ఇల్లంతా లైట్లు, సూట్‌కేసులు, కాఫీలు, మా తమ్ముడుగాడు వాడికి రెండు చేగోడీలు. మర్నాడు 3:40కి మొరుగు. చచ్చిందనుకున్న అలవాటు ఇలా లేచి కూర్చోవడాన్ని పావ్‌లోవ్ కూడా తన కుక్కల్లో చూశాడు. కంగారు పడితే పాత కథే మొదలవుతుంది. ఎవరూ లేవలేదు. అది కష్టమైన రాత్రి, నాన్న లేచి వచ్చి గుమ్మంలో నిలబడి, నన్ను చూసి, ఏమీ అనకుండా వెళ్ళి పడుకున్నారు. ఒక మెట్టు వెనక్కి వెళ్ళి మళ్ళీ ఎక్కాం. మూడోరోజుకి సర్దుకున్నాడు.

మొత్తం 27 కాదు, 33 రోజులు పట్టింది. నేను తిరిగి హాస్టల్‌కి బయల్దేరేనాటికి అలారం 5:30కి మోగేది, తిండి 7 గంటలకి. చివరి వారం రోజుల్లో ఒక్కరోజు మాత్రం 5:15కి ఒక్కసారి భౌమన్నాడు, అదీ బాల్కనీలో పిల్లిని చూసి. అది మొరగాల్సిన విషయమే. నాన్న రెండో షిఫ్ట్‌లో కూడా 7 దాకా పడుకుంటున్నారు. నూజివీడు మాట ఎవరూ ఎత్తలేదు. మావయ్య మాత్రం మామిడిపళ్ళు పంపారు, కుక్క కోసం కట్టించిన గూడు కోళ్ళకి పనికొచ్చిందట.

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి వచ్చాను. అలారం మోగకముందు ఎవరూ లేవకూడదు. ఒకవేళ ఎవరైనా ఊరెళ్ళడానికి తొందరగా లేవాల్సి వస్తే, ముందు ఆ టైముకి అలారం మోగించాలి, అప్పుడే లైటు. బిస్కెట్ డబ్బా 7కి ముందు తెరవకూడదు, నానమ్మతో సహా. నానమ్మ పేరు కింద రెండు గీతలు గీశాను. ఉన్నట్టుండి మళ్ళీ రాత్రిళ్ళు లేవడం మొదలుపెడితే ముందు డాక్టరుకి చూపించాలి, తర్వాతే మిగతావన్నీ.

మొన్న అమ్మ ఫోన్ చేసింది. అంతా బాగానే ఉందట. కింది పెద్దాయన మాత్రం మెట్ల దగ్గర కనబడి, "ఏమ్మా, మీ కుక్కకి ఒంట్లో బాగాలేదా?" అని అడిగారట. రోజూ వాడి అరుపుకే లేచి బ్యారేజీ దాకా వాకింగ్‌కి వెళ్ళేవారట. ఇప్పుడు నెల రోజులుగా వాకింగ్ పోయిందట. అలారం ఎలా పెట్టుకోవాలో నన్ను అడిగి చెప్పమన్నారట.